ఖాతాకూ పొయ్యికీ మధ్య: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో ఆర్థిక సేవలు, ఇంధన పేదరికం

వ్యాససంగ్రహం

బ్యాంకు ఖాతా, గ్యాసు కనెక్షను రెండూ ఉన్న ఇంట్లో కూడా కట్టెల పొయ్యి వెలుగుతూనే ఉండటానికి కారణమేమిటన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ఆర్థిక సేవల అందుబాటు పెరిగితే ఇంధన పేదరికం తగ్గుతుందన్న సాధారణ సూత్రాన్ని ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాల జీవనక్రమంతో పోల్చి చూడటం దీని పద్ధతి. 1999 నాటి దీపం పథకం మొదలుకొని 2024 నాటి మహాలక్ష్మి వరకు ప్రభుత్వ సహాయం ఇంటికి చేరిన తీరును, అడవి బిడ్డల చేతికి నగదు అందే కాలాన్ని పక్కపక్కన పెట్టి, ఖాతా ఉండటం కన్నా డబ్బు ఏ వేళకు చేతిలో ఉన్నదన్నదే పొయ్యిని నిర్ణయిస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఇంధన పేదరికం, ఆర్థిక సమ్మిళితత్వం, ఉద్దెర, గ్యాసు రాయితీ, తునికాకు, పొదుపు సంఘాలు, కోయ, గొత్తికోయ.

1. ప్రవేశం

తెలుగు నేలపై బొగ్గు చరిత్ర ఇల్లెందు పరిసరాల్లో మొదలయింది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇక్కడి నిక్షేపాలను గుర్తించాడు. ఆ తరువాత సింగరేణి గనులు కొత్తగూడెం, మణుగూరు దాకా విస్తరించాయి. పాల్వంచలో తాపవిద్యుత్ కేంద్రం, మణుగూరు వద్ద 1080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్ కేంద్రం, సారపాకలో కాగితపు మిల్లు వెలిశాయి. రాష్ట్రానికి వెలుగునిచ్చే ఇంధనంలో గణనీయమైన భాగం ఈ ప్రాంతం నుంచే వెళుతున్నది. అదే ప్రాంతంలో చర్ల, దుమ్ముగూడెం, ఆళ్లపల్లి, గుండాల వంటి మండలాల్లోని కోయ గూడేలలో స్త్రీలు నెత్తిన కట్టెలమోపుతో అడవి దారిన ఇంటికి రావడం నేటికీ నిత్యదృశ్యం.

ఈ వైరుధ్యాన్ని చూపి నిట్టూర్చడం తేలిక. దానిని వివరించడం మాత్రం అంత తేలిక కాదు. పేదరికం అని ఒక్క మాటలో చెప్పి ఊరుకుంటే, పేదవారికి ఉచితంగా కనెక్షను ఇచ్చిన తరువాత కూడా పొయ్యి ఎందుకు మారలేదో తేలదు. అలవాటు అని చెబితే, అదే ఇంట్లో చుట్టం వచ్చిన పూట గ్యాసు వెలిగించడానికి సమాధానం ఉండదు. ఆర్థికశాస్త్రజ్ఞులు ఇటీవలి కాలంలో మూడో వివరణను ముందుకు తెచ్చారు. పొదుపు, రుణం, చెల్లింపు, బీమా వంటి ఆర్థిక సేవలు అందిన కుటుంబం మెరుగైన ఇంధనానికి మారగలుగుతుందన్నది దాని సారాంశం. ఐజాక్ కూమ్సన్, మైకేల్ డాన్‌క్వా ఘానా దేశపు గృహసర్వే ఆధారంగా 2021లో ప్రచురించిన అధ్యయనం ఈ దిశలో తరచూ ప్రస్తావనకు వస్తున్నది. ఆర్థిక సమ్మిళితత్వం పెరిగిన చోట ఇంధన పేదరికం తగ్గిందని వారు నిర్ధారించారు. ఈ నిర్ధారణ గోదావరి ఒడ్డున ఎంతవరకు నిలుస్తుందన్నదే ఇక్కడి విచారణ.

ప్రాంతం గురించి ఒక మాట చెప్పుకోవలసి ఉన్నది. భద్రాచలం డివిజను 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు కారణంగా కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఉత్తరాన, తూర్పున ఛత్తీస్‌గఢ్ అడవి. ఒకే జాతి, ఒకే భాష, ఒకే అడవి మూడు రాష్ట్రాల పథకాల కింద జీవిస్తున్న ప్రదేశమిది. పథకాల రూపం మారితే ఫలితం ఎలా మారుతుందో గమనించడానికి ఇంతకన్న అనువైన చోటు అరుదు.

2. రెండు భావనలు, వాటి కొలతలు

ఇంధన పేదరికం అన్న భావన చలిదేశంలో పుట్టింది. బ్రెండా బోర్డ్‌మన్ 1991లో వెలువరించిన గ్రంథంలో, ఇంటిని తగినంత వెచ్చగా ఉంచుకోవడానికి ఆదాయంలో పదో వంతుకు మించి ఖర్చు చేయవలసి వచ్చే కుటుంబాన్ని ఇంధన పేదగా పరిగణించింది. ఈ కొలతను యథాతథంగా మన అడవి అంచుకు తెస్తే విచిత్రమైన ఫలితం వస్తుంది. కట్టెలకు ధర లేదు కనుక ఇంధనంపై పెట్టే నగదు ఖర్చు దాదాపు శూన్యం. ఆ లెక్కన గుండాల గూడెంలోని కుటుంబం హైదరాబాదు మధ్యతరగతి కుటుంబం కన్న ఇంధన సంపన్నురాలు! స్త్రీ నడిచిన దూరం, మోసిన బరువు, మింగిన పొగ ఈ లెక్కలోకి రావు. బీనా అగర్వాల్ 1986లోనే వంటచెరకు సంక్షోభంపై రాసిన గ్రంథంలో ఈ కనపడని శ్రమను చర్చకు పెట్టింది.

అందువల్ల వర్ధమాన దేశాల పరిశోధకులు వేరే కొలతను రూపొందించుకున్నారు. నుస్‌బామర్, బజీలియన్, మోదీ, యుంకెల్లా కలిసి ప్రతిపాదించిన బహుముఖ ఇంధన పేదరిక సూచిక వంట, దీపం, గృహోపకరణాలు, వినోదం–విద్య, సమాచార సాధనాలు అన్న కోణాల నుంచి ఇంటి లేమిని లెక్కిస్తుంది. ఇది మనకు దగ్గరైన కొలత. అయితే దీనికీ ఒక పరిమితి ఉన్నది. ఇంటికి ఒకే ప్రధాన ఇంధనం ఉంటుందన్న ఊహ మీద మన సర్వేలు నడుస్తాయి. ఒమర్ మసేరా తదితరులు 2000లో మెక్సికో గ్రామాల ఆధారంగా చూపినట్లు, కుటుంబాలు ఒక ఇంధనాన్ని వదిలి మరొకదానికి మెట్లెక్కినట్లు వెళ్లవు. పాతదాని పక్కన కొత్తదానిని చేర్చుకుంటాయి. కోయ ఇంటి వాకిట మూడు రాళ్ల పొయ్యి, లోపల గ్యాసు స్టవ్వు కలిసి ఉండటం ఇందుకు ఉదాహరణ. నీళ్లు కాచడానికి, పెద్ద కుండతో అన్నం వండటానికి బయటి పొయ్యి. టీకి, పిల్లలు బడికి వెళ్లే పూట హడావుడికి లోపలి పొయ్యి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం వంటకు స్వచ్ఛ ఇంధనం వాడే కుటుంబాలు దేశంలో 58.6 శాతం, తెలంగాణలో 91.8 శాతం. నాలుగో విడతలో దేశ సగటు 43.8 శాతం. అదే వ్యవధిలో తాము స్వయంగా వాడుకునే బ్యాంకు ఖాతా గల స్త్రీలు దేశంలో 53 శాతం నుంచి 78.6 శాతానికి పెరిగారు. రెండు గీతలూ కలిసి పైకి వెళ్లాయి కాబట్టి ఒకటి రెండోదానికి కారణమని అనుకోవడం సహజం. కానీ 91.8 అన్న అంకె ప్రధాన ఇంధనం ఏదన్న ప్రశ్నకు వచ్చిన జవాబు మాత్రమే. వాకిటి పొయ్యి ఆరిందా అని ఆ సర్వే అడగలేదు.

ఆర్థిక సమ్మిళితత్వం విషయానికి వస్తే, సి. రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2008లో ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ ప్రామాణికం. బలహీన వర్గాలకు ఆర్థిక సేవలు, అవసరమైనప్పుడు సకాలంలో తగినంత రుణం, భరించగల ఖర్చుతో అందేలా చూడటమే సమ్మిళితత్వమని దాని భావం. ఇందులో మూడు విశేషణాలు ఉన్నాయి: సకాలం, తగినంత, భరించగల. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ యోజన మొదలైన తరువాత మనం ఖాతాల సంఖ్యను లెక్కించడంలో ఆరితేరాము. మొదటి విశేషణాన్ని మాత్రం ఎవరూ లెక్కించడం లేదు. ఈ వ్యాసం పట్టుకున్నది దానినే.

3. అడవి అంచున నగదు ఋతువులు

నెలజీతం పొందే ఇంట్లో గ్యాసు బండ అయిపోతే అది ఒక ఫోనుతో తీరే పని. అడవి అంచు ఇంట్లో నగదుకు ఋతువులు ఉన్నాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సేకరణ. యాభై ఆకుల కట్ట చొప్పున కల్లంలో లెక్క పెట్టి కూలి ఇస్తారు. ఇల్లంతా తెల్లవారుజామునే అడవికి వెళ్లే ఈ కొద్ది వారాలే చాలా కుటుంబాలకు ఏడాదిలో పెద్ద నగదు వచ్చే కాలం. నికర ఆదాయంలో వాటాగా ఇచ్చే బోనసు బ్యాంకు ఖాతాలో పడుతుంది. కానీ అది ఏ సీజనుకు ఆ సీజను పడదు, కొన్నిసార్లు ఏళ్లు గడిచిన తరువాత వస్తుంది.

జూన్ వచ్చేసరికి ఆ డబ్బు విత్తనాలకు, ఎరువులకు, పిల్లల చదువుకు వెళ్లిపోతుంది. జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలలు చేతిలో పైసా ఆడని కాలం. శీతకాలంలో పత్తి అమ్మితే డబ్బు వస్తుంది గానీ, అందులో మొదటి వాటా పెట్టుబడి పెట్టిన షావుకారుది. తరువాత మిర్చి ఏరే కూలికి కుటుంబాలు కదులుతాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కూలీలు వచ్చేది ఆ రోజుల్లోనే.

ఈ ఋతువుల పక్కన ఇంధనపు ఋతువులను పెట్టి చూడాలి. వేసవిలో అడవి ఎండిపోయి ఉంటుంది, కట్టె సులువుగా దొరుకుతుంది, ఆరుబయట వండుకోవచ్చు. అంటే గ్యాసు అవసరం అతి తక్కువగా ఉండే రోజులు అవే. వానకాలంలో కట్టె తడిసిపోతుంది, పొయ్యి ఇంట్లోకి వస్తుంది, పొగ చూరు కింద నిలిచిపోతుంది, నాట్ల పనితో స్త్రీకి అడవికి వెళ్లే తీరిక ఉండదు. గ్యాసు నిజంగా కావలసిన కాలం అది. చేతిలో నగదు లేని కాలమూ అదే. డబ్బు ఉన్నప్పుడు బండ అక్కర లేదు, బండ కావలసినప్పుడు డబ్బు లేదు. ఏడాది మొత్తం ఆదాయాన్ని పన్నెండుతో భాగించి నెలకు ఇంత అని చెప్పే పట్టికలో ఈ ఎడం కనిపించదు.

ఆర్థిక సేవ అన్నదానికి అసలు పని ఇక్కడే ఉన్నది. మే నెల డబ్బును ఆగస్టుకు మోసుకుపోగలిగితే అది పొదుపు. డిసెంబరు డబ్బును ఆగస్టుకు ముందుగా తేగలిగితే అది రుణం. ఈ రెండూ చేయని ఖాతా ఒక సంఖ్య మాత్రమే.

4. ఉద్దెర, చేబదులు, నాగు

తెలుగులో డబ్బు కాలంతో కదిలే తీరుకు విడివిడి మాటలు ఉండటం గమనించదగినది. సరుకు ఇప్పుడు, డబ్బు తరువాత అంటే ఉద్దెర. తెలిసినవాడి దగ్గర వడ్డీ లేకుండా నాలుగు రోజులకు తెచ్చుకునేది చేబదులు. నూటికి ఇంత అని వడ్డీ మాట్లాడుకుని తెచ్చేది అప్పు. గింజలు తెచ్చుకుని పంట ఇంటికి వచ్చాక ఎక్కువ కొలిచి ఇచ్చేది నాగు. పని జరగకముందే చేతిలో పెట్టేది బయానా. ‘ఆర్థిక సేవలు’ అన్న అనువాద పదబంధంలో ఈ భేదాలన్నీ కరిగిపోతాయి. పరిశోధకులు గ్రామంలో ప్రశ్నావళి పట్టుకుని మీకు రుణసౌకర్యం ఉందా అని అడిగితే, ఉద్దెర ఇచ్చే కిరాణా కొట్టు, నాగు ఇచ్చే పెద్దరైతు ఆ జవాబులోకి రారు. వాళ్లే ఆ ఇంటికి అసలైన బ్యాంకు.

ఈ సంబంధాలు కొత్తవి కావు. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1945లో వెలువరించిన కొండరెడ్ల గ్రంథంలో, గోదావరి కొండల్లోని రెడ్లు కలప, వెదురు వర్తకులకు అప్పుపడి వారి కూపులలో పనిచేయడాన్ని నమోదు చేశాడు. స్వాతంత్ర్యానంతరం 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఒకవైపు అటవీ ఫలసాయాన్ని కొని, మరొకవైపు నిత్యావసరాలు అమ్మి వర్తకుడిని తప్పించాలని చూసింది. ఖమ్మం ప్రధాన కార్యాలయంగా 1976లో మొదలైన నాగార్జున గ్రామీణ బ్యాంకు, 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులోనూ, ఆ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులోనూ విలీనమయ్యాయి. బోర్డు మీద పేరు రెండుసార్లు మారింది. ఈ సంస్థలు పంటరుణం ఇచ్చాయి. వర్షాకాలపు ఆగస్టులో వంటగ్యాసుకు తొమ్మిది వందల రూపాయల చేబదులు ఇచ్చే సంస్థ మాత్రం ఇంతవరకు పుట్టలేదు. అంత చిన్న మొత్తానికి దరఖాస్తు, హామీ, సంతకాల ఖర్చే ఎక్కువవుతుంది కనుక బ్యాంకును తప్పుపట్టి కూడా లాభం లేదు.

భూమిని హామీగా పెట్టే దారి కూడా ఇక్కడ ఇరుకైనది. 1970 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు నిబంధన షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి వెళ్లకుండా కాపాడుతున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడుపట్టా వారసులకు వస్తుంది గానీ అమ్మకానికి, బదిలీకి వీలులేనిది. ఈ రక్షణలు అవసరమైనవే. వాటిని సడలించాలని వాదించేవారితో ఈ వ్యాసకర్తకు ఏకీభావం లేదు. అయితే భూమి తాకట్టుపై ఆధారపడిన రుణవ్యవస్థ ఇక్కడ పనిచేయదని ఒప్పుకుని వేరే మార్గం చూడాలి.

5. దీపం నుంచి మహాలక్ష్మి వరకు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో దీపం పథకాన్ని ప్రారంభించి, పొదుపు సంఘాల మహిళలకు గ్యాసు కనెక్షను డిపాజిట్టును తానే భరించింది. స్టవ్వు, నింపిన గ్యాసు ధర ఇంటిది. దేశంలో ఇటువంటి ప్రయత్నాలలో ఇది ముందువరుసలోనిది. కనెక్షను అన్న ఒకేసారి ఖర్చు తొలగిపోయింది. బండ మార్చిన ప్రతిసారీ పడే ఖర్చు మిగిలింది.

2016 మే 1న బల్లియాలో మొదలైన ఉజ్వల యోజన దేశమంతటా అదే సూత్రాన్ని విస్తరించింది. అందులో ఒక ఆర్థిక మెలిక ఉన్నది. స్టవ్వుకు, మొదటి బండకు చమురు సంస్థలు అప్పు ఇచ్చాయి. ఆ అప్పును తరువాతి బండలపై వచ్చే రాయితీ నుంచి మినహాయించుకున్నాయి. ఫలితంగా నిరుపేద ఇల్లు అప్పు తీరేదాకా ప్రతి బండనూ పూర్తి ధరకు కొన్నది. 2018లో మొదటి ఆరు బండలకు ఈ వసూలును వాయిదా వేశారు. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2019 నివేదిక ప్రకారం, ఏడాది నిండిన ఉజ్వల లబ్ధిదారుల సగటు వినియోగం 2018 డిసెంబరు నాటికి సంవత్సరానికి 3.21 బండలు. వంటంతా గ్యాసుపై సాగే ఇంటికి నెలకో, నెలన్నరకో ఒక బండ కావాలి. మూడు బండలంటే మిగిలిన వంట కట్టెపై జరిగిందని అర్థం.

ఒక్క ఏడాది ఈ అంకె కదిలింది. 2019–20లో 3.01గా ఉన్న సగటు 2020–21లో 4.39కి పెరిగి, మరుసటి ఏడాది 3.7 దగ్గరికి దిగివచ్చింది. కోవిడ్ కాలపు గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ కింద 2020 ఏప్రిల్ నుంచి ఉజ్వల ఇళ్లకు మూడు బండలు ఉచితంగా ఇచ్చారు. ఇచ్చిన పద్ధతి మన చర్చకు ముఖ్యమైనది: బండ ధరను ముందుగానే ఖాతాలో జమ చేశారు; ఆ డబ్బుతో బండ తెచ్చుకోమన్నారు. అంటే సహాయం బయానా రూపంలో వచ్చింది. పెరుగుదల అంతా ముందుగా ఇవ్వడం వల్లనే అనలేము. ఉచితం కావడం, అందరూ ఇంట్లోనే ఉండటం కూడా కారణాలే. అయినా రాయితీ మొత్తంతో పాటు రాయితీ వచ్చే వేళను కూడా విడిగా పరిశీలించాలని ఈ ఒక్క ఏడాది మనకు చెబుతున్నది.

తెలంగాణలో 2024 ఫిబ్రవరి 27న మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయలకు గ్యాసు మొదలయింది. అప్పటికి హైదరాబాదులో బండ ధర 955 రూపాయలు. వినియోగదారు మొత్తం చెల్లించాలి. 500 పోను మిగిలినది తరువాత ఖాతాలో పడుతుంది. ఆ ఆర్థిక సంవత్సరంలో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 272 రూపాయలు. పథకం చెప్పే ధర రెండు రోజుల కూలికి లోపే ఉన్నది. బండి దగ్గర చేతిలో పెట్టవలసినది మూడున్నర రోజుల కూలి. గోదావరికి ఆవలి ఆంధ్రప్రదేశ్ మండలాలకూ వర్తించే దీపం–2 పథకం 2024 నవంబరు 1న ఏడాదికి మూడు ఉచిత బండలతో మొదలైనప్పుడు కూడా ముందు చెల్లించి, గ్రామాల్లో 48 గంటలలోపు తిరిగి పొందే పద్ధతే. ఉచితమైన బండకు సైతం ముందు ధర మొత్తం చేతిలో ఉండాలన్నమాట.

పై మాటల్లో చెబితే ఇది తలకిందులైన ఉద్దెర. ఇక్కడ ఇల్లే ప్రభుత్వానికి కొన్ని రోజులు, కొన్ని వారాలు ఉద్దెర ఇస్తున్నది. నూటికి అయిదు రూపాయల నెలసరి వడ్డీకి ఆ 455 రూపాయలు తెచ్చినా నెలకు ఇరవై మూడు రూపాయలే కదా అని లెక్క చెప్పవచ్చు. లెక్క సరైనదే. కానీ ఆగస్టులో ఆ ఇంటికి అప్పు ఇచ్చేవాడు దొరికితే, ఆ అప్పు ముందుగా యూరియాకూ జ్వరానికీ వెళుతుంది. ఊరక దొరికే కట్టె ఉండగా వంటకు అప్పు చేయడాన్ని ఏ ఇల్లూ, ముఖ్యంగా ఇంటి మగవాడు, వివేకంగా భావించడు. స్త్రీ శ్రమకు ధర కట్టని ఇంట్లో కట్టె ఎప్పుడూ చవకే.

మరో నిబంధన మరింత ఆలోచించదగినది. మహాలక్ష్మిలో రాయితీ బండల సంఖ్యను ఆ ఇంటి గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి నిర్ణయించారు. దుర్వినియోగాన్ని ఆపడం దీని ఉద్దేశం కావచ్చు. అయితే డబ్బు లేక ఏడాదికి మూడు బండలు వాడిన ఇంటికి మూడు బండలకే రాయితీ. స్థోమత ఉండి ఎనిమిది వాడిన ఇంటికి ఎనిమిదికి. నిన్నటి లేమి రేపటి అర్హతకు కొలబద్ద అయింది.

దీనికి పూర్తిగా భిన్నమైనది అదే కాలంలో వచ్చిన గృహజ్యోతి. 200 యూనిట్ల లోపు వాడకానికి సున్నా బిల్లు చేతికి వస్తుంది. ముందు కట్టడం లేదు, ఖాతా లేదు, ఎదురుచూపు లేదు. ఒకే ప్రభుత్వం, ఒకే రేషను కార్డు, ఒకే ఇల్లు. దీపం విషయంలో సహాయం బిల్లులోనే కలిసి వచ్చింది, పొయ్యి విషయంలో చుట్టూ తిరిగి వచ్చింది. ఆర్థిక సమ్మిళితత్వం లేకుండానే ఇంధన సహాయం అందించవచ్చునని గృహజ్యోతి నిరూపించింది. ఖాతా అనివార్యమైన సాధనం కాదు, ఎంచుకున్న సాధనం. దొంగ కనెక్షన్లను, మధ్యవర్తులను అరికట్టడంలో నగదు బదిలీకి ప్రయోజనం ఉన్నదన్న వాదన నిజమే. ఆ ప్రయోజనానికి అయ్యే ఖర్చులో కొంత అడవి అంచు స్త్రీ మోస్తున్నదన్నదీ నిజమే.

6. దూరం చెప్పే కారణం

పరిమాణాత్మక అధ్యయనాలు చదివే మిత్రులకు ఇక్కడ ఒక పద్ధతిపరమైన సందేహం రావాలి. ఖాతా వల్ల గ్యాసు వచ్చిందా, ఆదాయం వల్ల రెండూ వచ్చాయా? ఈ చిక్కును విప్పడానికి సమీప బ్యాంకుకు ఉన్న దూరాన్ని సాధనచరంగా వాడటం ఈ రంగంలో పరిపాటి. బ్యాంకు దూరం ఖాతాపై ప్రభావం చూపుతుంది గానీ, నేరుగా పొయ్యిపై చూపదన్నది దాని ఆధారం. చర్ల మండలపు లోపలి గూడెంలో ఈ ఆధారం నిలవదు. బ్యాంకు ఉన్న చోటనే గ్యాసు ఏజెన్సీ, ఆటో స్టాండు, సంత, తారురోడ్డు ఉంటాయి. బ్యాంకుకు దూరమంటే బండకూ దూరమే. బండ ఇంటికి రాదు. ఆటోలో తెచ్చుకోవాలి, ఆ కిరాయిపై రాయితీ లేదు. అటువంటి చోట దూరాన్ని సాధనచరంగా తీసుకుంటే రోడ్డు చేసిన పనిని ఖాతాకు జమకట్టినవారమవుతాము.

ఖాతాలోని డబ్బు చేతికి రావడంలోనూ దూరం ఉన్నది. ఆధార్ ఆధారిత బదిలీలో డబ్బు చివరగా ఆధార్ అనుసంధానించిన ఖాతాకు వెళుతుంది. ఉపాధి కూలికి ఒకటి, సంఘానికి ఒకటి, రైతుబంధుకు ఒకటి అని ఖాతాలున్న ఇంట్లో, రాయితీ ఏ పుస్తకంలో పడిందో తెలియక పడలేదనుకోవడం సాధారణం. బ్యాంకు మిత్ర దగ్గర అరిగిన వేలిముద్ర పడకపోతే, సిగ్నలు లేకపోతే ఆ పూట కూలి పోయినట్లే. రాయితీని ఇంటివారు ధర తగ్గింపుగా కాక ఎప్పుడో వచ్చే వేరే డబ్బుగా చూడటానికి ఇది కారణం. అలా చూసినప్పుడు అది తరువాతి బండ కొనే నిర్ణయంలోకి రాదు.

7. పొదుపు సంఘం చేయగలిగినది

ఈ ప్రాంతంలో చిన్న మొత్తాన్ని, సరైన వేళకు, హామీ అడగకుండా ఇవ్వగల సంస్థ ఒకటి ఉన్నది: మహిళా పొదుపు సంఘం. 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం, 2011లో ఏర్పడిన స్త్రీనిధి దానికి వెన్నుదన్ను. సంఘంలో అప్పు నిర్ణయించేది స్త్రీ. పొగ మింగేదీ స్త్రీ. నిర్ణయమూ బాధా ఒకే చోట ఉన్న వ్యవస్థ ఇది ఒక్కటే. బ్యాంకు లెక్కల్లో ఇమడని తొమ్మిది వందల రూపాయల చేబదులు సంఘపు అంతర్గత పొదుపు నుంచి ఇవ్వవచ్చు. రాయితీ వచ్చాక సగం, తునికాకు కాలంలో మిగతాది తీరుతుంది. అయిదు కిలోల చిన్న బండ కూడా ఉజ్వలలో అనుమతించినదే. మొత్తం చిన్నదయితే ఎడమూ చిన్నదవుతుంది.

చెల్లింపును ఆదాయపు నడకకు సరిపెట్టడమే దీనిలోని కిటుకు. కర్ణాటకలో 1995లో సెల్కో సంస్థను స్థాపించిన హరీష్ హండే, నెలకు మూడు వందలు భారమైన వీధి వర్తకురాలికి రోజుకు పది రూపాయలు భారం కాదని తాను తెలుసుకున్నట్లు పలుచోట్ల చెప్పాడు. కెన్యాలో ఎం-కోపా సంస్థ సెల్‌ఫోను చెల్లింపుతో సౌరదీపాన్ని రోజువారీ వాయిదాలపై ఇచ్చింది. అయితే ఈ రెండూ రోజూ ఎంతో కొంత సంపాదించే ఇళ్లకు సరిపోయే నమూనాలు. ఋతువు ఆదాయపు ఇంటికి రోజువారీ వాయిదా మరో పోటు. మనకు ఈ పాఠం తెలియనిది కాదు. వారం వారం వసూలు చేసిన సూక్ష్మరుణ సంస్థల ఆగడాలు 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రంలో ఆర్డినెన్సుకు దారితీశాయి. తరువాతి చట్టం వాయిదాను నెలకు ఒకసారికి మార్చి, వసూలును గ్రామపంచాయతీ కార్యాలయానికి పరిమితం చేసింది. రుణం అందుబాటులోకి రావడమే మేలు అనుకునేవారు ఆ రోజులను మరచిపోకూడదు. ఇక్కడి వాయిదా తునికాకు కల్లాన్నీ పత్తి మార్కెట్టునూ చూసి కట్టాలి.

8. లెక్కలోకి రానివారు

ఇంతవరకు చెప్పినదంతా కార్డు, ఖాతా, మీటరు ఉన్న ఇళ్ల సంగతి. ఈ సరిహద్దులో అవేవీ లేని ఇళ్లు ఉన్నాయి. 2005 జూన్‌లో దంతెవాడ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైన తరువాత ప్రాణభయంతో ఇవతలి అడవికి వచ్చిన కుటుంబాలను ఇక్కడ గొత్తికోయలంటారు. ఇది వారు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. తెలంగాణలో వారికి షెడ్యూల్డు తెగ గుర్తింపు లేదు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవిలో ఉన్నవారికే భూమిపై హక్కు ఇస్తుంది. జుడుం మొదలైన ఆరు నెలలకే ఆ గడువు ముగిసింది. తరువాత వచ్చినవారందరూ దాని బయట మిగిలారు.

దీనికి ఇంధనంతో నేరుగా సంబంధం ఉన్నది. అదే చట్టంలోని మూడో సెక్షను గ్రామసభ సిఫారసుపై హెక్టారులోపు అటవీ భూమిని విద్యుత్ తీగలకు వాడుకోవడానికి వీలు కల్పిస్తుంది. గుర్తింపు లేని ఆవాసానికి గ్రామసభ లేదు, కనుక ఆ వీలూ లేదు. మీటరు లేని ఇంటికి గృహజ్యోతి వర్తించదు. ఆహారభద్రత కార్డు లేని ఇంటికి మహాలక్ష్మి వర్తించదు. వలస కుటుంబాలు స్వీయ ధ్రువీకరణతో కనెక్షను తీసుకోవచ్చని 2021 ఆగస్టులో మొదలైన ఉజ్వల రెండో విడత చెప్పింది. ఆ మేరకు ఒక తలుపు తెరుచుకున్నది. బండ మోసే దారి లేని చోట ఆ తలుపు ఎంత ఉపయోగమన్నది వేరే సంగతి. పొదుపు సంఘంలో చేరాలన్నా ఊరి నివాసం చూపాలి.

అయినా ఈ కుటుంబాలు ఇంధనం కొనడం లేదనుకుంటే పొరపాటు. టార్చిలైటు బ్యాటరీలు కొంటారు, సంతకు వచ్చినప్పుడు సెల్‌ఫోను చార్జింగు పెట్టించుకుంటారు. చిల్లర డబ్బుతో, ముందుగా చెల్లించి, యూనిట్ల లెక్కన చూస్తే అందరికన్న ఎక్కువ ధరకు కొంటున్నది వారే. మన గృహసర్వేల పట్టికలో వారి ఎదుట విద్యుత్ లేదు, ఖాతా లేదు అన్న రెండు గళ్లు నిండుతాయి. వారు ఇప్పటికే నెలకు ఎంత చెల్లిస్తున్నారో రాసుకునే గడి ఆ పట్టికలో ఉండదు. ఆ గడిని చేర్చి, ఇంటిని ప్రధాన ఇంధనంతో కాక ఋతువుల వారీగా అడిగే సర్వే ఒకటి చర్ల, దుమ్ముగూడెం మండలాల నుంచి మొదలుపెట్టవచ్చు. వానకాలంలో ఒకసారి, తునికాకు ముగిసిన తరువాత ఒకసారి అదే ఇంటికి వెళ్లవలసి ఉంటుంది.